మధ్యాహ్నం పన్నెండింటి షాట్

డైరెక్టర్ ఫ్రోయిలాన్ నక్క తోక తొక్కి వచ్చాడని లా పాజ్‌లో సినిమా వాళ్ళందరూ అంటారు. ఆ మాట పుట్టించింది నేనే. ఓసారి పత్రిక వాళ్ళు నా దగ్గరికొచ్చి, "మీరిద్దరూ ఒకే ఏడు సినిమా బడిలో చేరారు కదా, ఆయన ఇంత పైకి రావడానికి కారణం ఏమంటారు" అని అడిగితే, "మా బళ్ళో టాలెంట్ నాకు, అదృష్టం వాడికి పంచిపెట్టారు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వాళ్ళు నవ్వు వదిలేసి మాట ఒక్కటే అచ్చేశారు.

అయినా అందులో అబద్ధమేముంది? వాడి మొదటి సినిమా సంగతే చూడండి. పీఠభూమి మీద పెళ్ళి సన్నివేశం తీశాడు. పెళ్ళికూతురు కొయ్యలా నిలబడింది. పెళ్ళికొడుక్కి మాట రాలేదు. ఇక లాభం లేదని కట్ చెప్పి టీ తాగడానికి పోయాడు గాని, కెమెరా ఆపించడం మర్చిపోయాడు. వడగళ్ళ వాన పడింది. పెళ్ళికూతురు చెప్పులు చేత పట్టుకుని, పకపకా నవ్వుతూ పరుగెత్తి, బ్యాండు వాళ్ళ పెద్ద డోలు కింద దూరింది. ఆ నలభై సెకన్లకి యూరప్‌లో బహుమతి వచ్చింది. ఎవరూ చూడని ఫుటేజీ ముందు మూడు రోజులు కూర్చుని ఆ ముక్కను పట్టుకున్నది నేనే అనుకోండి, వాడి ఎడిటర్ని నేనే కాబట్టి. అది వేరే సంగతి. వడగళ్ళు మాత్రం వాడివే.

రెండో సినిమాలో హీరో అలిగి వెళ్ళిపోతే, లైట్లు మోసే ఆయనకి హీరో చొక్కా తొడిగి కెమెరా ముందు నిలబెట్టాడు. ఇప్పుడాయన టీవీలో పెద్ద నటుడు. ఇలాంటివి చూస్తుంటే నా కడుపు మండదా?

ఎందుకంటే నా సొంత సినిమా నాలుగేళ్ళుగా ఒకే ఒక్క షాట్ దగ్గర ఆగిపోయి ఉంది.

అది అలసీతాస్ సంతలో బొమ్మ సామాన్లు అమ్ముకునే ఒక ముసలావిడ కథ. జనవరి ఇరవై నాలుగున ఊరు ఊరంతా ఆ సంతలోనే ఉంటుంది. ఏడాదిలో ఎవరికేం కావాలో దాన్ని వేలెడంత బొమ్మగా కొనుక్కుని, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి యాతిరి అని పిలిచే పూజారి చేత సాంబ్రాణి పొగ పట్టించి దీవెన చేయించుకుంటారు. ఇల్లు, బస్సు, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు, ఆఖరికి విడాకుల కాగితం కూడా దొరుకుతుంది. నా సినిమా ముగింపులో మా ముసలావిడ ఒక చిన్న ఇంటిని ఆ పొగలోకి ఎత్తి పట్టుకోవాలి. సెట్టు వేసి తీసేది కాదది. ఏడాదికొక్కసారి, చర్చి గంటలు మోగుతున్న రెండు నిమిషాల్లో తీయాలి.

మొదటి ఏడు వాన ముంచేసింది. రెండో ఏడు బ్యాండు మేళం ఒకటి సరిగ్గా నా కెమెరా ముందుకొచ్చి నిలబడింది. మూడో ఏడు అన్నీ కుదిరాయి గాని బ్యాటరీ చచ్చింది. ఈ ఏడు కూడా పోతే ఇక సినిమా లేనట్టే. మా ముసలావిడ వేషం వేస్తున్న హెర్మీనియా నటి కాదు, నలభై ఏళ్ళుగా నిజంగానే అక్కడ బొమ్మలమ్ముతున్న మనిషి. ఇంత ఎత్తైన కొండల ఊళ్ళో ఆమె ఊపిరితిత్తులు పని చెయ్యనంటున్నాయని డాక్టర్లు చెప్పేశారు. కార్నివాల్ పండగ కాగానే కూతురు వచ్చి ఆమెను కింద మైదానంలో ఉన్న శాంతా క్రూజ్‌కి తీసుకుపోతుంది.

అందుకే ఈసారి ఏదీ గాలికి వదల్లేదు. మూడు బ్యాటరీలు, రెండు టార్పాలిన్లు సిద్ధం చేశాను. కెమెరా స్టాండు చోటును ముందురోజు సాయంత్రమే కొలిచి నేల మీద సుద్దతో గుర్తు పెట్టాను. హెర్మీనియా ఎక్కడ నిలబడాలి, ఇంటిని ఎన్ని సెకన్లు ఎత్తి ఉంచాలి, ఎప్పుడు తల పైకెత్తాలి, అంతా కాగితం మీద గీసి ఇచ్చాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి చలికి బూట్లలో పెట్టుకుంది.

పదకొండింటికి ఫ్రోయిలాన్ వచ్చాడు. నల్ల గొడుగు, చేతిలో ఉడికించిన మొక్కజొన్న కంకి.

"నిన్నెవరు పిలిచారు రా?" అన్నాను.

"ఎవరూ పిలవలేదు. సాయానికొచ్చా. కొడతావా ఏంటి?"

"ఏం సాయం చేస్తావు? నిన్ను చూసి వాన ఆగుతుందా?"

"ఏమో మరి. అదృష్టవంతుణ్ణి కదా. పేపర్లో వేశారు, చదవలేదా?"

నేను మాట మార్చి లెన్సు తుడిచాను. వాడు కంకి తింటూ నా సుద్ద గుర్తులు, బాణాలు చూశాడు.

"కసీల్దా, ఇది సినిమానా, విమానాశ్రయమా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నాకు పని లేదే. అందుకే కదా ఇక్కడున్నా."

పదకొండూ యాభై నాలుగుకి అంతా సిద్ధం. కెమెరా వెనక రెంబెర్తో, మైకు పట్టుకుని యోలా, గుర్తు మీద హెర్మీనియా. ఆకాశం ముసురుకుంటోంది గాని చినుకు లేదు. అప్పుడు రెంబెర్తో చల్లగా కెమెరా మీంచి చెయ్యి తీసి, జేబులోంచి వేలెడంత మినీబస్సు బయటికి తీశాడు.

"అక్కా, రెండు నిమిషాలు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"ఎక్కడికి?"

"యాతిరి దగ్గరికి. మా బావా నేనూ కలిసి బండి తీసుకుందామనుకుంటున్నాం."

"పిచ్చా నీకు? పన్నెండింటికి షాట్ రా."

"దీవెన కూడా పన్నెండింటికే కదక్కా. ఒంటిగంటకి చేయిస్తే బస్సుకి బదులు టైరు వస్తుంది."

వాడు జనంలో కలిసిపోయాడు. తిరిగి చూస్తే యోలా మైకును స్టాండుకి కట్టేస్తోంది. ఆమె చంకలో చిన్న ఇటుకల కట్ట, చిన్న సిమెంటు బస్తాలు ఉన్నాయి.

"నువ్వు కూడానా?"

"ఇల్లు ఆగిపోయింది కసీల్దా, పై కప్పు దగ్గర. నువ్వు మైకు ముట్టుకోకు, అదే పనిచేసుకుంటుంది" అంటూ ఆమె కూడా వెళ్ళింది.

ఇంక హెర్మీనియా మిగిలింది. ఆమె నేనిచ్చిన చిన్న ఇంటిని సుద్ద గుర్తు మీద జాగ్రత్తగా పెట్టి, భుజాన ఉన్న మూట సర్దుకుంది.

"పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా, కదలకు" అన్నాను.

"అమ్మాయీ, ఈ ఉత్తుత్తి ఇల్లు ఎత్తుతూ కూర్చుంటే నా అసలుది ఎవరు ఎత్తుతారు? ఇక్కడ నాకిదే ఆఖరి పన్నెండు. నువ్వు కావాలంటే ఒంటిగంటకి తీసుకో, పొగ నేను వేయిస్తా."

ఇదీ నేను చేసిన ఘనకార్యం. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, వానకి టార్పాలిన్ కొన్నాను, బ్యాటరీకి బ్యాటరీ కొన్నాను, కానీ నా మనుషులు కూడా ఈ ఊరి వాళ్ళేనని మర్చిపోయాను. ఆ రెండు నిమిషాలు ఎవరివి వాళ్ళకి కావాలని నాకు తట్టనే లేదు. నేనెప్పుడూ అక్కడ ఏమీ కొనలేదు మరి. టాలెంట్ ఉన్నదాన్ని, బొమ్మలతో నాకేం పని అనుకునేదాన్ని. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే టపటపా చినుకులు మొదలయ్యాయి.

"కెమెరా తియ్యి" అన్నాడు ఫ్రోయిలాన్.

"స్టాండు మీంచా?"

"మరి పెద్దమ్మ వెనక్కొచ్చి నీ సుద్ద గీత మీద నిలబడుతుందా? తియ్యవే, టైమైపోతోంది."

తీశాను. పన్నెండేళ్ళుగా సినిమాల్లో ఉన్నాను గాని కెమెరా భుజానికెత్తి పరుగెత్తడం అదే మొదటిసారి. వాడు నా పక్కనే ఉండి గొడుగు మొత్తం లెన్సు మీద పట్టాడు, తన నెత్తి మీద ఒక్క అంగుళం కూడా లేకుండా. "జరగండి తల్లీ, జరగండి బాబూ, పాపం మొదటి సినిమా" అంటూ మోచేతులతో దారి చేశాడు. ఒకామె వాణ్ణి తిట్టింది. ఇంకొకామె గుర్తుపట్టి సెల్ఫీ అడిగింది. గంటలు మొదలయ్యాయి.

రెంబెర్తో మినీబస్సును రెండు చేతులా నెత్తి మీదికెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. యోలా సిమెంటు బస్తాలు తడవకుండా శాలువా కప్పింది. పొగ, వాన, వందల చేతులు. వాటి మధ్యలో మా హెర్మీనియా మూట విప్పింది.

అందులో ఇల్లు లేదు, బండి లేదు. ఉన్నది ఆమె దుకాణం బొమ్మ. పళ్ళ పెట్టె చెక్కతో తనే చేసుకుంది. వరసలు వరసలుగా అరలు, అరల్లో కందిగింజల్లాంటి సామాన్లు, ముందు టోపీ పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ. దాన్ని పొగలోకి ఎత్తి పట్టుకుంది. నేను గీసిచ్చిన నాలుగు సెకన్లు కాదు, గంటలు మోగినంతసేపూ పట్టుకుంది. ఆయాసంతో భుజాలు ఎగిరిపడుతున్నా దించలేదు. నా కథలో ముసలావిడకి కొత్త ఇల్లు ఇచ్చి సంతోషపెట్టాను. ఆమెకి కావలసింది ఉన్నచోటే ఉండిపోవడమని నాలుగేళ్ళు తీసిన నాకు తెలియలేదు. కెమెరా నా భుజం మీద వణుకుతోంది. వణకనిచ్చాను.

గంటలు ఆగాయి. చుట్టూ అందరూ ఒకరినొకరు కౌగిలించుకుని "మంచి ఘడియలో తీరాలి" అని చెప్పుకుంటున్నారు. హెర్మీనియా వచ్చి తడి చేతుల్తో నా బుగ్గలు పట్టుకుని అదే మాట చెప్పి, "ఇక పద, ఆ ఉత్తుత్తిది తీసుకుందాం" అంది.

"అక్కర్లేదు పెద్దమ్మా. అయిపోయింది" అన్నాను.

ఫ్రోయిలాన్ కోటు పిండుకుంటున్నాడు. నాకు సంతోషం పట్టలేక వాణ్ణి ఏడిపించాలనిపించింది.

"చూశావా, ఇవాళ అదృష్టం నాక్కూడా అంటింది. అవునూ, నువ్వేం కొనుక్కున్నావు? ఇంకో బహుమతా?"

"ఏం లేదులే."

"చూపించరా."

"వద్దులే, తడిసిపోయింది."

నేనే వాడి జేబులో చెయ్యి పెట్టి లాగాను. సున్నపు బొమ్మ. చిన్న బల్ల, బల్ల మీద గోరంత తెర, దాని ముందు కూర్చున్న ఒక ఆడమనిషి. రెండు జడలు, కళ్ళద్దాలు. ముక్కు నా ముక్కే. వానకి రంగు కారిపోయి ఒక జడ అప్పటికే ముద్దయిపోయింది.

"హెర్మీనియా దగ్గరే చేయిస్తా. మొదటి సినిమా నుంచీ, ప్రతి ఏడూ" అన్నాడు నా వైపు చూడకుండా. "తర్వాతి సినిమా కూడా నువ్వే కట్ చెయ్యాలని. పాతది పనిచేయదంటారు, కొత్తది చేయించాలి."

నాకు నవ్వాలనిపించింది, రాలేదు. ఇన్నేళ్ళూ వీడి అదృష్టం ఎక్కడ్నుంచి వస్తోందా అని కుళ్ళుకుని చచ్చాను. వీడేమో దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ బొమ్మకి పొగ పట్టించాల్సిన రెండు నిమిషాలూ వీడి రెండు చేతులూ గొడుగు మీదున్నాయి.

అబద్ధం చెప్పి ఊరుకోబెట్టే స్నేహం కాదు మాది. అందుకే చెప్పేశాను. "ఫ్రోయిలాన్, ఈ సినిమా బయటికొచ్చాక నేను ఇంకెవరికీ కట్ చెయ్యను. నీక్కూడా. నా సినిమాలు నేను తీసుకుంటా."

"తెలుసు" అన్నాడు వాడు, కరిగిపోతున్న ఆ బొమ్మను నా చేతిలోంచి తీసుకుంటూ. "నీ కెమెరా మీద గొడుగు విప్పినప్పుడే తెలుసు."