కిటికీ అంచున అత్తగారు

కోడలు చేసేది ఏం ఉద్యోగమో అత్తగారికి ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. "ఆఫీసులో కూర్చుని జనం పెట్టిన వీడియోలు చూస్తుందట. చూసినందుకు జీతం ఇస్తారట. నేను ఇంట్లో ఊరికే చూస్తున్నాను, నన్ను అడిగే నాథుడే లేడు" అని పక్కింటావిడతో చెప్పుకునేది.

అందులో అబద్ధం లేదు కానీ నిజం సగమే. కోడలి పని చూడడం కాదు, చూసి తేల్చడం. ఇది బాగాలేదని జనం ఫిర్యాదు చేసిన వీడియోలన్నీ ఆమె తెర మీదికి వచ్చి వరసలో నిలబడతాయి. లారీలు గుద్దుకున్నవి, పాము కప్పను మింగినవి, ఎవడో మేడ మీంచి ఈతకొలనులోకి గురి తప్పి దూకినవి. వాటి మధ్య ఏ పాపం ఎరగని పసివాడు నిమ్మచెక్క కొరికి మొహం చిట్లించుకున్నది కూడా ఒకటి వస్తుంది. దాని మీద ఎవడు ఎందుకు ఫిర్యాదు చేశాడో దేవుడికే ఎరుక. ఉంచాలా, తీసెయ్యాలా? ఉన్నవి రెండే మీటలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు తిండి సయించలేదు. పోను పోను మనసు మొద్దుబారింది.

ఈ సంగతులేవీ ఇంట్లో చెప్పేది కాదు. అత్తగారేమో సరిగ్గా అలాంటివే ఏరి కోరి చూసి, "గుండె గట్టిదైతేనే చూడండి!" అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టేది.

ఒకనాడు భోజనం చేసి వచ్చి కూర్చోగానే కోడలి ముందుకు ఒక వీడియో వచ్చింది. ఎదురు మేడ మీంచి ఎవరో తీసినట్టుంది. మూడో అంతస్తు కిటికీ బయట, జానెడు అంచు మీద, పసుపు నైటీ వేసుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఒక చేత్తో కిటికీ చట్రం పట్టుకుంది. పైన ఎర్రటి అక్షరాలు: "ముసలావిడ దూకబోతోంది! చివరిదాకా చూడండి!"

కోడలి వేలు అలవాటుగా మీట మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఆ పెద్దావిడ రెండో చేతిలో ఉన్న గుడ్డను ఆమె ఎరుగును. అది తన భర్త పాత గళ్ళ చొక్కా. ఆవిడ దూకడమూ లేదు, గీకడమూ లేదు. అద్దం మీద నోటితో ఆవిరి ఊది మరీ రుద్దుతోంది.

"అత్తయ్యా!" అని కోడలు పెట్టిన కేకకు గదిలో ఉన్నవాళ్ళందరూ తలలెత్తారు. రోజూ ఎన్ని ఘోరాలు చూసినా కిక్కురుమనని మనుషులు వాళ్ళు. టీమ్ లీడరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"మా అత్తగారండీ."

"ఎక్కడ?"

"ఆ అంచు మీద."

అందరూ చుట్టూ మూగారు. తెర మీద ఆవిడ గుడ్డ ఒకసారి జాడించింది. కింది మూల తుడవడానికి వంగింది. ఒక మడమ గాలిలోకి లేచింది. ఆఖరికి కిటికీలోంచి ఇంట్లోకి దూరిపోయాక గదిలో ఊపిర్లన్నీ ఒక్కసారి వదులయ్యాయి. ఒకమ్మాయి చప్పట్లు కూడా కొట్టింది.

"సొంతవాళ్ళ వీడియో నువ్వు తేల్చకూడదు. నేను చూసుకుంటాను, నువ్వు ముందు ఇంటికెళ్ళు" అన్నాడు టీమ్ లీడరు.

బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తే బయట ఎండో మబ్బో తెలియడం లేదని తనే ఏదో మాటవరసకు అంది. ఆవిడ మనసులో పెట్టుకున్నట్టుంది. ముందు భయం వేసింది. భయం తగ్గాక ఒళ్ళు మండింది. కాపురానికి వచ్చిన దగ్గర్నించి అత్తగారిని నిలదీసే సందర్భమే దొరకలేదు. ఇంత న్యాయమైనది మళ్ళీ దొరకదు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది, పదును పెట్టుకుంది.

తలుపు తీసిన అత్తగారు కోడలు నోరు తెరిచేలోగా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, ఫోను మొహం ముందు పెట్టింది.

"వేళకు వచ్చావు, ఈ ఘోరం చూడు! పాపం, ఎవరో పెద్దావిడ మూడో అంతస్తు మీంచి దూకబోతోంది. ఇందాకట్నించి నా కాళ్ళు వణుకుతున్నాయనుకో."

"చూశానత్తయ్యా, అందుకే..."

"ఆ ఇంట్లో కోడలెవత్తో ఎంత కాల్చుకు తింటే ఆవిడ ఇంతకి తెగించిందో! అలాంటి వాళ్ళ నోట్లో మన్ను కొట్టాలి."

కూర్చుకొచ్చిన మాటలన్నీ పక్కన పెట్టి కోడలు అత్తగారి మొహం వంక చూసింది.

"అత్తయ్యా, మీ కళ్ళజోడేదీ?"

"నెత్తి మీద ఉందిగా."

"కిందికి దించండి. దించి, ఆవిడ చేతిలో గుడ్డ చూడండి."

అత్తగారు చూసింది. "ఇలాంటి చొక్కా మన వాడికీ ఉండేదే" అంది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. ఫోనులో పెద్దావిడ కింది మూలకి వంగింది, మడమ గాలిలోకి లేచింది.

"అమ్మో, పడిపోతుందే!" అని అరిచి అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలాగే మెల్లగా నేల మీద చతికిలబడింది.

"నిలబడినప్పుడు అంత ఎత్తనిపించలేదే" అంది, చిన్నపిల్లలా.

ఇంక ఏమని తిడుతుంది? కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కనే కూర్చుంది. సగం గ్లాసు తాగేసరికి అత్తగారికి ప్రాణం కుదుటపడింది. "అయినా దూకబోతోందని రాస్తే రాశాడు, ముసలావిడ అని రాస్తాడా? ఎవడు వాడు?"

అప్పుడు కోడలికి ఇంకో అనుమానం తగిలింది. "దీన్ని మీరు గ్రూపులో పెట్టలేదు కదా?"

అత్తగారు గ్లాసులోకి చూసింది.

"పెట్టారా?"

"పెట్టి చాలాసేపయింది."

"కింద ఏమైనా రాశారా?"

"కొంచెం రాశాను."

రాసింది ఇది: 'కోడలి ఆరళ్ళు పడలేక ఒక తల్లి తెగింపు. అందరికీ పంపండి.'

కోడలు తల పట్టుకునేలోపే ఫోను మోగింది. ఆడపడుచు. "అమ్మా! అది నువ్వే కదే! ఆ నైటీ నేనే కదా కొనిచ్చింది! వదిన నిన్నేం చేసింది? ఇప్పుడే బయల్దేరి వస్తున్నా!"

ఆ వెనకే పినత్తగారు, ఆవిడ వెనక పెద్దమామయ్య. చివరికి కోడలి మొగుడు ఆఫీసు నుంచి చేశాడు. "మీ ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఏం చేశారో నాకు ఒక్క ముక్కలో చెప్పండి."

"ఇలా లాభం లేదు. ఫోను పట్టుకో, నేనే మాట్లాడతాను. వీడియో తీసి అందరికీ పంపేద్దాం" అని అత్తగారు జుట్టు సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

"నా కోడలు నన్నేమీ అనలేదు. కిటికీ మసిబారిందని ఒక్క మాటంది, అంతే. ఆ ఒక్క మాటకే నేను..."

"ఆపండత్తయ్యా! కిటికీ ఊసొద్దు."

"నా కోడలు బంగారం. పొద్దెక్కి లేస్తుంది కానీ బంగారం."

"అత్తయ్యా!"

మూడోసారి ఆవిడ బిర్రబిగుసుకుని, మాటమాటకీ కోడలి వైపు చూస్తూ, అప్పజెప్పినట్టు చెప్పింది. అదే పంపారు. క్షణంలో ఆడపడుచు జవాబు: 'పాపం, అమ్మ కళ్ళు చూడండి. ఫోను వెనక ఎవరు నిలబడ్డారో తెలుస్తూనే ఉంది.'

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అత్తగారు మాత్రం కుర్చీలోంచి లేచింది. నైటీ చేతులు పైకి మడుచుకుని, వరసపెట్టి అందరికీ ఫోన్లు చేసింది. కూతురితో అయితే గొంతు మేడంతా వినిపించింది.

"ఒసేయ్, కిటికీ ఎక్కింది నేను, బుద్ధి లేనిది నేను, తలాతోకా లేని రాత రాసిందీ నేనే! మా అమ్మాయిని ఒక్క మాటంటే ఊరుకునేది లేదు."

"ఏ అమ్మాయి? నేనా?" అంది ఆడపడుచు అటునుంచి, అయోమయంగా.

"నువ్వెందుకవుతావే!"

సాయంత్రానికి టీమ్ లీడరు కబురు పంపాడు, ఆ వీడియో తీసేశామని. అత్తగారు సంతోషించాల్సింది పోయి, "అప్పుడేనా? ఎంతమంది చూశారట?" అంది. కోడలు చూసిన చూపుకి నాలిక కరుచుకుంది.

ఇద్దరూ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. ఉన్నట్టుండి అత్తగారు అడిగింది. "రోజంతా ఇలాంటివే చూస్తావా?"

"ఇంతకంటే ఘోరమైనవి కూడా."

"భయం వెయ్యదూ?"

"వేస్తుంది. అదివరకు ఎక్కువ వేసేది."

అత్తగారు నాలుగు కాయలు తుంచి, "మంచిది ఒక్కటీ రాదా? వస్తే ఒకటి చెప్పు" అంది.

కోడలు ఆలోచించింది. "ఒకాయన తన మేకని షాపింగ్ మాల్‌కి తీసుకొచ్చాడు. అక్కడి కదిలే మెట్లు దానికి ఎక్కడం వచ్చని నలుగురికీ చూపించాలని. మేక దర్జాగా ఎక్కి పైకి వెళ్ళిపోయింది. ఆయనే కాలు తడబడి వెల్లకిలా పడ్డాడు."

అత్తగారు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వి నవ్వి తేరుకున్నాక, "పాపం, దెబ్బ తగిలిందా ఆయనకి?" అంది.

కోడలు చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆఫీసులో ఆ వీడియో ఎంతమంది చూసి ఉంటారు! ఈ మాట ఒక్కరూ అడగలేదు, తను కూడా.

"తెలీదత్తయ్యా. వీడియో అక్కడికే అయిపోతుంది."

"అదేం వీడియో, సగంలో ఆపేసి!" అని అత్తగారు విసుక్కుంది. "లేచే ఉంటాడులే. లేచి, పైన మేక దారి తప్పిపోతుందేమోనని పక్క మెట్లమీంచి పరుగెత్తి ఉంటాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి మాత్రం మేకే పడిందని చెప్పుంటాడు."

ఈసారి నవ్వడం కోడలి వంతయింది.