నీడ అడిగినవాళ్ళు

అందరూ చూస్తుండగానే సూపర్‌వైజరు వచ్చి, గొడుగులు జరిపే పెద్దాయన తలగుడ్డ లాగి అవతల పారేశాడు.

ఎండ మాడ్చేస్తోంది. సముద్రం ఒడ్డున, రిసార్టు వాళ్ళ ఇసుక మీద, వరసగా వేసిన పడక కుర్చీల్లో అతిథులు వెనక్కి వాలి ఉన్నారు. పెద్దాయన ఒక గొడుగును ఇసుకలోంచి పెకలించి పక్కకి జరుపుతున్నాడు. నీడ జరిగిపోయిందని కుర్చీలో అమ్మాయి పిలిచింది మరి. రెండు చేతులూ గొడుగు కర్ర మీదే ఉన్నాయి. తల మీది గుడ్డ పోతుంటే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? యూనిఫాం మీద ఈ పీలికలేంటి? ఫొటోల్లో పడితే ఎంత అసహ్యంగా ఉంటుందో తెలుసా?"

గుడ్డ పోయేసరికి చెవి బయటపడింది. పై అంచున పుండు. పైన కట్టిన చెక్కు ఆ లాగుడుకి ఊడి, నెత్తురు మెడ మీదికి జారింది. కుర్చీలో అమ్మాయి మొహం తిప్పుకుంది. సూపర్‌వైజరు ఓ క్షణం తడబడ్డాడు. వెంటనే గొంతు తగ్గించి, "ఈ అవతారంతో ఇక్కడ నిలబడకు. కార్లు పెట్టే చోటికి పోయి గడ్డి పీకు" అన్నాడు.

కార్లు పెట్టే చోట పేరుకైనా ఒక చెట్టు లేదు.

పెద్దాయన గొడుగు నిలబెట్టి, కర్ర చుట్టూ ఇసుక కాలితో తొక్కి గట్టిపరిచి, నీడ అమ్మాయి మొహం మీద సరిగ్గా పడిందో లేదో చూసుకుని మరీ వెళ్ళాడు.

కొంచెం దూరంలో ఇసుక చదును చేస్తున్న వదిన ఇదంతా చూసింది. పెద్దాయన ఆమెకి స్వయానా బావగారు, భర్తకి అన్న. ఆమె భర్త కూడా ఒకప్పుడు ఈ ఇసుక మీదే పనిచేశాడు. అతన్ని అందరూ అన్నా అనేవాళ్ళు కాబట్టి ఆమె అందరికీ వదినైంది. ఇప్పుడతను లారీ తోలుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు. వదిన ఇక్కడ మిగిలింది.

అక్కడి పద్ధతులు అలాంటివి. పనివాళ్ళు పొట్టి చేతుల చొక్కాలే వేసుకోవాలి. తల మీద ఏమీ ఉండకూడదు. అతిథుల గొడుగు కింద అడుగు పెట్టకూడదు. గొడుగు జరపడానికి వంగినప్పుడు మాత్రం తల ఓ క్షణం నీడలోకి వెళ్ళొస్తుంది, అంతే.

రోజూ పొద్దెక్కగానే మైకులో ఓ తియ్యటి గొంతు పలికేది. "ఎండ తీవ్రంగా ఉంది. దయచేసి అందరూ నీడలోకి వెళ్ళండి. చర్మానికి క్రీము రాసుకోండి. టోపీ పెట్టుకోండి, చేతులు కప్పుకోండి, నీళ్ళు తాగండి. మీ ఆరోగ్యమే మా ఆనందం." ఆ గొంతు వినపడగానే అతిథులు నీడలోకి జరిగేవాళ్ళు, పనివాళ్ళు ఎండలో పరుగులు పెట్టేవాళ్ళు. అందరికీ ఒకేసారి గొడుగులు జరపాలి కదా!

ఆ సాయంత్రం పని దిగాక వదిన బావగారిని రిసార్టులోని నర్సమ్మ గదికి లాక్కెళ్ళింది.

"మానిపోతుందిలేమ్మా. గీసుకుపోయింది, అంతే" అన్నాడాయన.

"కిందటి చలికాలం కూడా ఇదే మాటన్నారు బావగారూ. మీరు నడవండి."

గదిలో ఒక అతిథి బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. ఎండలో నిద్రపోయాడట, వీపంతా ఎర్రగా కమిలిపోయింది. నర్సమ్మ అతని వీపు మీద తడిబట్ట పరిచి వచ్చి, పెద్దాయన చెవి వెలుతురులోకి తిప్పి చూసింది. చూస్తున్న కొద్దీ ఆమె మొహం మారింది.

"మానుతూ మళ్ళీ రేగుతోందా?"

"ఆ, అంతేనమ్మా. దానిష్టం."

"ఇది నేను చూసేది కాదు. రేపే పెద్దాసుపత్రికి వెళ్ళండి. వాయిదా వెయ్యకండి" అంది. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, "నేను చెప్పానని ఇక్కడెవరికీ చెప్పకండి" అంది.

పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరు అని తేలింది. ఏళ్ళ తరబడి ఎండ తగిలి వచ్చిందని డాక్టరు చెబితే పెద్దాయన నవ్వేశాడు.

"ఎండకేమిటండీ! ఎండ మాకు అలవాటేగా."

"అలవాటు పడేది మీరు. మీ చర్మం పడదు" అన్నాడు డాక్టరు. "ఒంటి రంగును బట్టి కొందరికి తొందరగా వస్తుంది, కొందరికి ఆలస్యంగా. అసలు రాదని మాత్రం ఎవరికీ లేదు. ఓ టోపీ, ఓ పొడుగు చేతుల చొక్కా, మిట్టమధ్యాహ్నం కాస్త నీడ ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. చెవి చాలావరకు తీసెయ్యాలి. మెడలో గడ్డ కూడా తగులుతోంది. అది ఏమిటో కోశాకే తెలుస్తుంది."

బయటికొచ్చాక పెద్దాయన మెట్ల మీద కూర్చుండిపోయాడు.  "నన్ను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టకండమ్మా. సముద్రం కనపడకపోతే నాకు ఊపిరాడదు. పోనీ ఇన్నేళ్ళూ సముద్రం చూశానా అంటే, ఆ తీరికా లేదు. ఎప్పుడూ గొడుగులే చూశాను."

వదినకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. టోపీ, పొడుగు చేతులు, నీడ. డాక్టరు చెప్పిన ముక్కలన్నీ ఆమె రోజూ విన్నవే. మైకులో విన్నవే.

మర్నాడు పని దిగాక తువాళ్ళు ఉతికే గదిలో అందరూ చేరారు. యంత్రాల వేడి ఇంకా చల్లారలేదు. ఆ ఉడుకులోనే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నిలబడ్డారు. వదిన సంగతి చెప్పింది. టోపీ, పొడుగు చేతుల చొక్కా, మధ్యాహ్నం కాస్త నీడ అడుగుదాం, ఇవ్వకపోతే పని ఆపుదాం అంది.

"టోపీ కోసం పని ఆపారంటే ఊరంతా నవ్విపోతుంది వదినా" అన్నాడు ఈతకొలను శుభ్రం చేసే అతను. అందరూ అతన్ని కొలను తమ్ముడు అంటారు. "జీతం పెంచమందాం. అదైతే వినడానికి బాగుంటుంది."

"జీతం పెంచితే చెవి మళ్ళీ మొలుస్తుందిట్రా?" అంది తువాళ్ళత్త.

పచ్చిక కోసే తోటమామ గొంతు సవరించుకున్నాడు. "మనవి మొరటు ఒళ్ళమ్మా. వాళ్ళలాగా సుకుమారం కాదు. మా నాన్న జీవితమంతా ఎండలోనే బతికాడు."

"మీ నాన్న ఎలా పోయాడు మామా?" అని అడిగింది వదిన.

 "ముక్కు మీద పుండు లేచింది. ఏదో గాలి సోకిందన్నారు" అన్నాడు మెల్లగా. ఆ మాట తన నోటి నుంచే వచ్చినట్టు ఆయనకే నమ్మకం లేదు.

"మనది మొరటు ఒళ్ళని మనకి ఎవరు చెప్పారు? ఆ మాట నమ్మితే ఎవరికి లాభం? అతిథుల కుక్కలకి కూడా అక్కడ పందిరి వేశారు. కుక్క ఒళ్ళు సుకుమారం, మనది మొరటూనా?" అంది వదిన. "నేను ఎండలో పని చెయ్యననట్లేదు. ఎండలో చావనంటున్నా."

"ఉన్న పని ఊడితే?" అని వెనకనుంచి ఒక గొంతు.

"ఊడొచ్చు" అంది వదిన. "ఊడదని నేను అబద్ధం చెప్పను."

ఆ మాట దగ్గరే ఇద్దరు ముగ్గురు జారుకున్నారు. మిగిలినవాళ్ళు మేనేజరు దగ్గరికి వెళ్ళారు.

మేనేజరు గది చల్లగా ఉంది. అందరి మాటా ఓపిగ్గా విన్నాడు. యూనిఫాం పైవాళ్ళ నిర్ణయమట. పనివాళ్ళు మూటలు చుట్టుకున్నట్టు కనపడితే అతిథులకి సెలవు మూడ్ పాడవుతుందట. పెద్దాయన విషయం విని చాలా బాధపడ్డాడట. సొరుగు లాగి ఒక క్రీము ట్యూబు తీసి వదిన ముందు పెట్టాడు. ఎవరో అతిథి వాడి వదిలేసింది, సగం నొక్కేసి ఉంది.

"ఇది ఆయనకి ఇవ్వండి. చాలా మంచి రకం."

"ఎక్కడ రాసుకోమంటారు సార్? కోసేశాక మిగిలిన ముక్కకా?" అంది వదిన. ట్యూబు అక్కడే వదిలేసి అందరూ బయటికొచ్చారు.

ఆ తర్వాత కొద్ది రోజులకి పెద్దాయన ఆపరేషను రోజు వచ్చింది. ఆయన భార్య, వదినకి తోడికోడలు, ఆసుపత్రి వరండాలో ఉంది. వదిన సెలవు అడిగితే ఇవ్వలేదు. ఇసుక చదును చేసే పళ్ళకర్ర లాగుతోంది గానీ ప్రాణం అక్కడ లేదు. పొద్దెక్కింది. మైకు పలికింది.

"దయచేసి అందరూ నీడలోకి వెళ్ళండి."

వదిన ఆగింది. పళ్ళకర్ర ఇసుకలో దించింది. నడుచుకుంటూ వెళ్ళి అన్నిటికన్నా పెద్ద గొడుగు కింద కూర్చుంది.

కాసేపు ఆమె ఒక్కతే.  తర్వాత తువాళ్ళత్త చేతిలోని తువాళ్ళ దొంతర కుర్చీ మీద పెట్టి వచ్చి పక్కన కూలబడింది. తోటమామ వచ్చాడు. కొలను తమ్ముడు తడి కాళ్ళతోనే వచ్చాడు. నీళ్ళు మోసే ఆడవాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు, చెత్త ఏరేవాళ్ళు. గొడుగు చాలక పక్క గొడుగు, ఆపైన ఇంకోటి. ఆ ఇసుక మీద ఎండలో నిలబడ్డ మనిషి అంటూ ఒక్కడే మిగిలాడు, సూపర్‌వైజరు.

"ఏంటిది? లేవండి! లేవండంటుంటే!"

"మైకులో చెప్పారుగా సార్" అన్నాడు కొలను తమ్ముడు వినయంగా. "మన ఆరోగ్యమే వాళ్ళ ఆనందమంట. ఆనందపడనివ్వండి."

నవ్వులు పుట్టాయి. అతిథుల్లో కూడా ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరుకి తల కొట్టేసినట్టయింది.

"అందరూ అంటే మీరు కాదు!" అని అరిచాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట ఇసుక పొడవునా అందరికీ వినపడింది. అన్నేళ్ళుగా ఎవరూ పైకి అనని మాట. ఒక ముసలావిడ తన కుర్చీ చప్పుడు చేస్తూ పక్కకి లాగి, తువాళ్ళత్తకి ఇంకాస్త చోటిచ్చింది. ఇంకో ఆయన మాత్రం, తాను డబ్బు కట్టింది ఇందుకేనా అంటూ మేనేజరుని పిలవమన్నాడు.

వదినకి ఆ గొడవేదీ చెవికెక్కలేదు. కూర్చుని సముద్రం చూడటం ఆమెకి అదే మొదటిసారి. కళ్ళు చికిలించక్కర్లేకుండా చూసింది. దూరాన నీలం, దగ్గర పచ్చ, మధ్యలో ఎక్కడ కలుస్తున్నాయో తెలియని గీత. గాలి మెడ మీద చెమట ఆర్పుతోంది. ఇంత హాయి ఇన్నేళ్ళూ ఇంత దగ్గర్లో ఉందా! బావగారు దీన్ని ఎప్పుడైనా ఇలా చూశారా అనుకునేసరికి అప్పటిదాకా రాని ఏడుపు తన్నుకొచ్చింది.

పోలీసులు వచ్చారు. అతిథుల స్థలంలో చొరబడ్డారని వదిననీ తోటమామనీ కొలను తమ్ముడినీ పట్టుకుపోయారు. మిగతావాళ్ళని గేటు బయటికి గెంటారు.

ఆ రాత్రి లాకప్పులో ఉండగానే తోడికోడలు వచ్చి కబురు చెప్పింది. చెవి తీసేశారు. మెడలో గడ్డ కూడా దాని తాలూకుదే. ఎంతవరకు పాకిందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

"మెలకువ రాగానే నిన్నే అడిగారు" అంది ఆమె కటకటాల్లోంచి వదిన వేళ్ళు పట్టుకుని. "కూర్చున్నావని చెప్పాను. నవ్వారే! అంత నొప్పిలోనూ నవ్వారు."

మర్నాడు వదిలిపెట్టారు. ముగ్గురూ ఇళ్ళకి పోకుండా తిన్నగా గేటు దగ్గరికే వచ్చారు. రాత్రంతా కదలని మనుషులు అక్కడే కూర్చుని ఉన్నారు. అదే సమయానికి ఒక లారీ వచ్చి ఆగింది. కాంట్రాక్టరు కొత్త పనివాళ్ళని తెచ్చాడు. రాళ్ళు కొట్టే చోటినుంచి తెచ్చాడని వాళ్ళ చేతులే చెబుతున్నాయి. అందరికీ అప్పటికే పొట్టి చేతుల చొక్కాలు తొడిగారు.

"మా నోటికాడ కూడు లాక్కోడానికొచ్చారా?" అంటూ కొలను తమ్ముడు రాయి అందుకోబోయాడు. వదిన అతని మణికట్టు పట్టుకుంది.

"వాళ్ళు మన మీదికి రాలేదు తమ్ముడూ. ఆకలి మీద వచ్చారు. అడ్డు లే."

లారీ పక్కకి వెళ్ళి నిలబడి, పైకి చూస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. తలగుడ్డ, చెవి, మైకు, మెడలో గడ్డ. కాంట్రాక్టరు హారన్ కొట్టిస్తున్నా ఆపకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక, "లోపలికి వెళ్ళేదీ మానేదీ మీ ఇష్టం. వెళ్తే మాత్రం తెలిసి వెళ్ళండి" అంది.

లారీలోంచి ఒక నడివయసు మనిషి మెల్లగా దిగాడు. చొక్కా కాలరు వెనక్కి లాగి మెడ చూపించాడు.

"అక్కా, ఇదీ అదేనా? చాన్నాళ్ళుగా మానట్లేదు."

వదిన వంగి చూసింది. నల్లటి మచ్చ, అంచులు చిరిగినట్టు, మధ్యలో తడి. "నాకు తెలీదన్నా" అంది. "చూడగలిగిన మనిషి లోపల ఉంది."

అతని వెనక ఒక ఆడమనిషి దిగి కింది పెదవి చూపింది. ఇంకొకడు ముంజేయి చాచాడు. ఇటు తువాళ్ళత్త తన నుదురు తడుముకుంది. తోటమామ, రాత్రంతా దాచుకున్న సంగతి బయటపెడుతున్నట్టు, ముక్కు పక్కన వేలు పెట్టుకుని నిలబడ్డాడు. పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒకళ్ళ మెడలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఏది పాత చొక్కా, ఏది కొత్త చొక్కా అన్నది ఎవరికీ పట్టలేదు.

"పదండి" అంది వదిన.

గేటు తోసుకుని నర్సమ్మ గది ముందుకి వెళ్ళి వరస కట్టారు. వరస గది దాటి, పచ్చిక దాటి, గేటు బయటి రోడ్డు దాకా సాగింది. నర్సమ్మ తలుపు తీసింది, ఆ జనాన్ని చూసి కొయ్యబారిపోయింది. మేనేజరు దూరంనుంచే వేలు ఊపుతూ తలుపు వెయ్యమన్నాడు. ఆమె కాసేపు తటపటాయించింది. తర్వాత తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి, "ఒక్కొక్కళ్ళే రండి. ముందు ఎవరు?" అంది.

రాళ్ళు కొట్టే అతను లోపలికి వెళ్ళాడు.

పోలీసు బండి మళ్ళీ వచ్చింది. నిన్నటి అధికారే. దిగుతూనే లాఠీతో నేల మీద కొట్టాడు. "ఎవరు పోగు చేశారు వీళ్ళని? చెదిరిపోండి!"

వరసలో ఎవరూ కదల్లేదు.

"ఇందాకేగా వదిలాం నిన్ను?" అన్నాడు వదిన దగ్గరికొచ్చి. "మళ్ళీ ఎక్కుతావా బండి?"

"ఎక్కుతాను. నా వంతు వచ్చి, చూపించుకున్నాక ఎక్కుతాను" అంది వదిన. "నా వెనక వీళ్ళందరూ ఉన్నారు. అందరికీ చోటుందో లేదో చూసుకోండి."

ముందున్న మనిషి ఒక అడుగు వేశాడు. ఆమె ఒక అడుగు వేసింది. వెనక రోడ్డు దాకా అందరూ ఒక అడుగు ముందుకి వేశారు.