చెవికి కట్టిన గజ్జె

మోరిటా అనే జపాను ఇంజనీరు ఫోనులో రెండు నిమిషాలు ప్రశ్నలు అడిగాడు. పద్మకుమారికి ఒక్క ముక్క అందలేదు. అవే ప్రశ్నలు కాగితం మీద పెడితే మాత్రం గడగడా చదివి, అన్నిటికీ జవాబులు రాసిచ్చింది. కొత్తవలస దగ్గర ఇనుప తీగెలు తీసే ఆ ఫ్యాక్టరీ మేనేజరు నారాయణమూర్తి కాగితాన్నీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు.

"చదువుందమ్మా. చెవే లేదు. జూన్‌లో కొత్త మిషన్లు రెండు బిగించడానికి ఆయనే వస్తున్నాడు. ఏడాదిపాటు ఆయన మాట మనవాళ్లకి, మనవాళ్ల మాట ఆయనకి చెప్పే మనిషి ఒకరు కావాలి. ఆ రోజు మిషను దగ్గరే నిలబెట్టి చూస్తాం. ఈలోగా చెవి తెచ్చుకుంటే రా," అన్నాడు.

నలభై రోజుల గడువు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు బస్సెక్కి విజయనగరం పోయి నేర్చుకున్న భాష అది. ఊళ్లో ఇప్పటికి మిగిలిందల్లా 'జపాను పద్మ' అన్న వెక్కిరింత. ఈ ఉద్యోగం తప్పిపోతే ఆ పేరు మనవలు పుట్టినా వదలదు.

మన తెలుగువాళ్లకు ఒక ధీమా ఉంది. మన యాభై ఆరు అక్షరాల్లో లోకంలోని ఏ మాటైనా ఇమిడిపోతుందని. పద్మ కూడా జపాను మాటలన్నీ తెలుగులో రాసుకుంది, నాలుగు నోటుబుక్కులు. వాటిని మన ఊరి సాగదీతతోనే బట్టీ పట్టింది. అసలు మనిషి నోరు విప్పేసరికి అది తను నేర్చిన భాషలాగే లేదు.

ఆమె మేనమామ గంగులు తప్పెటగుళ్ల గురువు. ఛాతీకి రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఇరవైమంది గుండ్రంగా తిరుగుతూ ఆడి పాడే ఆట అది. అక్షరం ముక్క రాకపోయినా తెల్లవార్లూ పాడేటన్ని పాటలు ఆయన నోట్లో ఉన్నాయి.

"ఏటే గుంటా, ఆ మొకమేటి?" అన్నాడు.

"నాకు సెవి లేదంట మావా."

"ఏదీ, ఆ బాస నాకూ ఇనిపించు."

ఫోనులో పాఠం పెట్టింది. గంగులు కళ్లు మూసుకుని మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి పాఠంతోపాటు ముక్కుతో కూనిరాగం తీశాడు. ఒక్క మాట లేదు గానీ ఆ గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, ఎక్కడ చటుక్కున ఆగుతుందో అచ్చుగుద్దినట్టు దింపేశాడు.

పద్మ బిత్తరపోయింది. "నీకేటి తెలిసింది మావా?"

"ఏటీ తెలీలేదు. అందికే ఇనబడ్డాది. నువ్వు ఒక మాట ఇన్నావో లేదో, దాని అర్దం ఎతకడానికి పుస్తకంలోకి పరిగెడతన్నావు. తిరిగొచ్చీసరికి బండి ఎలిపోతన్నాది."

నోటుబుక్కులు నాలుగూ అటకెక్కించేశాడు. "నా కాడికొచ్చినోడికి మొదట తప్పెట ఇవ్వను, గజ్జెలు కట్టనివ్వను. ముందు కూత పట్టాల. తరవాత అడుగు. మాట ఆకర్న. నీకూ అదే లెక్క."

మర్నాటి నుంచి తెల్లారగట్ల గేదెల వెనక పొలంగట్టు మీద మామా మేనకోడలూ నడుస్తూ ముక్కుతో రాగాలు తీయడం మొదలెట్టారు. రోజుకు పదే వాక్యాలు. వాక్యం ఆగిన చోట అడుగు ఆగాలి. లేచిన చోట మడమ లేవాలి. పద్మ నోట మాట వస్తే గంగులు చేతిలోని ములుగర్ర నేలకేసి కొట్టేవాడు.

అత్త జగ్గమ్మ గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకునేది. "ఓలమ్మా! ఒకరు మూలిగితే జొరమనుకుందుము. ఇద్దరూ మూలగతన్నారు. ఏ వైద్దుడికి సూపించాలే?"

పన్నెండో రోజున పద్మకు ఒళ్లు మండింది. "అర్దం లేకుండా ఎన్నాళ్లు మావా? రోజులు అయిపోతన్నాయి!"

"గేదె అరిస్తే ఆకలికో, దూడ కోసమో నీకు తెలస్తాది గదా. అది ఏ నోటుబుక్కులో రాసుకున్నావు?"

పద్మ మళ్లీ నడిచింది.

ఇరవయ్యో రోజో, ఆ మర్నాడో, గట్టు మీద రాగం తీస్తూ తీస్తూ పద్మ ఫక్కున నవ్వేసింది.

"ఏటే?"

"గొడుగు మర్సిపోయింది మొగుడు. తిట్టీది పెళ్లాన్ని మావా!" అంది. అనేశాక ఆగి చూసుకుంది. ఆ ముక్కను తను తెలుగులోకి తిప్పుకోలేదు. నవ్వే ముందొచ్చింది.

"ఆ మొగోడికి కోపమొచ్చిందని నాకు ఎప్పుడో తెలుసు. ఎందుకో ఇప్పుడు సెప్పినావు," అన్నాడు గంగులు. "రేపట్నించి తప్పెట్లలోకి రా."

సాయంత్రం సాధనలో గుండ్రం మధ్యన చిన్న స్పీకరు పెట్టి పాఠం వేశారు. మొదటి రోజు చుట్టూ ఇద్దరు వాయించారు, తర్వాత నలుగురు, ఆఖరికి ఎనిమిది మంది. వాళ్ల మోత మధ్య ఆ గొంతును పట్టుకుని పద్మ తిరిగి అనాలి. "గురువు గొంతు ఇనబడకపోతే ఆడు తప్పెటోడే కాడు," అన్నాడు గంగులు. "తెలీని మాటయినా సరే, ఇనబడాల. తెలిసీది తరవాత తెలస్తాది."

జూన్ రానే వచ్చింది. పోటీకి విశాఖపట్నం నుంచి ఒకతను వచ్చాడు, మూడు సర్టిఫికెట్లు పట్టుకుని. మేనేజరు గదిలో మోరిటాతో చకచకా మాట్లాడి, ఒక జోకు కూడా వేశాడు. పద్మ గుమ్మం పక్కన నిలబడి వింది.

తర్వాత అందర్నీ మిషన్ల షెడ్డులోకి తీసుకెళ్లారు. కొత్త మిషను కోసం పాతవి ఆపరు కదా. ఇనుము ఇనుమును రాసుకునే మోత. మోరిటా మిషను కింద దూరి, అక్కడి నుంచే ఏదో అరిచాడు.

"మో ఇచిదో," అన్నాడు విశాఖపట్నం అతను. మరొక్కసారి అని. మోరిటా మళ్లీ అరిచాడు. ఇతను మళ్లీ అదే అడిగాడు. నాలుగోసారికి మోరిటా తల బయటపెట్టి ఎర్రగా చూశాడు.

పానా పట్టుకున్న ఫిట్టరు చినబాబుకు విసుగొచ్చింది. "ఏటంటన్నాడు బాబూ? తిప్పమంటాడా, ఆపమంటాడా?"

"దయచేసి కొద్దిసేపు వేచి ఉండండి," అన్నాడతను పాపం, చెమట తుడుచుకుంటూ.

నారాయణమూర్తి పద్మకు సైగ చేశాడు. ఆమె వచ్చి నిలబడింది. కాగితం లేదు, పెన్ను లేదు. మోరిటా మళ్లీ కిందికి దూరాడు కాబట్టి అతని నోరూ కనబడదు. మోత మీదుగా గొంతు లేచింది, దిగింది, ఆగింది. "బెరుతొ హజుషితె కర, మవషితె!"

"బెల్టు తీసీండి! తీసినాకే తిప్పాల!" అని కేకేసింది పద్మ.

చినబాబు చెయ్యి అప్పటికే బెల్టు మీద పడింది.

ఆ తర్వాత ఊపిరి తీసుకునే సందు లేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు. ఒకచోట "కుసబి" అన్నాడు మోరిటా. ఆ మాట ఆమె ఏ పాఠంలోనూ లేదు. పద్మ ఆగలేదు, బెదరలేదు. అతనన్న రాగంలోనే "కుసబి?" అని తిరిగి అడిగింది. మోరిటా ముఖం విప్పారింది. పెట్టెలోంచి సందులో బిగించే ఇనుప ముక్క ఒకటి తీసి పైకెత్తి చూపించాడు.

"ఓస్, సీలా!" అన్నాడు చినబాబు. "ఆ మాట ముందే సెప్పొచ్చు గదా దొర!"

మధ్యాహ్నం ఒంటిగంటకు మిషను కదిలింది. దాని నోట్లోంచి సన్నని తీగె తళతళా బయటికొచ్చి చుట్ట చుట్టుకుంది. షెడ్డులోని వాళ్లంతా ఈలలేశారు. విశాఖపట్నం అతను ముందుగా వచ్చి పద్మకు చెయ్యి కలిపాడు.

మోరిటా చేతి తొడుగులు విప్పుతూ ఏదో పొడుగ్గా చెప్పాడు. పద్మ చినబాబు వైపు తిరిగి ఒక మాట అడిగింది. చినబాబు తల అడ్డంగా ఊపి ఏదో గొణిగాడు. ఆమె మోరిటాకు ఇంకేదో చెప్పింది. అతను నవ్వి తల వంచాడు.

ఇదేమీ వినబడని నారాయణమూర్తి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చాడు. "ఏమంటున్నాడమ్మా?"

"రేపు ఎనిమిదింటికి రెండో మిషను పెట్టె విప్పుతారట సార్. నన్ను ఉండమంటున్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"ఎనిమిదింటికి చినబాబు టీ దగ్గర ఉంటాడట సార్. ఏడున్నరకే రమ్మని ఈయనకి చెప్పాను. సరేనన్నారు."