ఇద్దత్‌లో మోగిన ఫోను

ఆబిదా కంటి ఆపరేషన్‌కు మార్చిలో తేదీ ఇచ్చారు. ఫిబ్రవరిలో ఆమె భర్త మహబూబ్ పాషా గుండె ఆగి పోయాడు. తేదీ వాయిదా పడింది, ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది.

ఇన్సూరెన్స్ వ్యవహారమంతా పాషాదే. మెడికేర్ కార్డుంటే గవర్నమెంటు ఆసుపత్రిలో ఊరికే చేస్తారు కదా, మళ్ళీ ఈ ప్రైవేటు పాలసీ ఎందుకని ఆమె ఏటా పోట్లాడేది. "చేస్తారు, క్యూలో కూర్చోబెట్టి," అనేవాడాయన. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ కాగితాలు మంచం నిండా పరుచుకుని, కళ్ళకు పనికొచ్చేది గోల్డేనని తేల్చి ఇద్దరి పేరా కట్టాడు. నరసరావుపేట నుంచి డార్విన్ దాకా ఈయన తనకు కొనిపెట్టిన బంగారం అదొక్కటేనని ఆబిదా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలి. గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళతో మాట్లాడకూడదు. వాళ్ళమ్మ పాటించింది, ఆబిదా కూడా పాటించింది. కొడుకు జైద్ కొన్నాళ్ళుండి సిడ్నీకి, స్కోఫీల్డ్స్‌లోని తన పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. వానలు ఆగాయి. ఫోను మోగేది. ఎత్తితే ఎవరో మగవాడు ఇంగ్లీషులో "మిసెస్ పాషా?" అనేవాడు. ఆమె టక్కున పెట్టేసేది.

ఆమె కోరిక ఒక్కటే. కన్ను బాగు చేయించుకుని, కారు తనే నడుపుకుంటూ, ఊరి బయటున్న ఖబరస్తాన్‌కు ఒంటరిగా వెళ్ళాలి. ఖననానికి ఆడవాళ్ళు వెళ్ళలేదు కాబట్టి ఆ చోటు ఇంతవరకూ చూడలేదు. చెప్పాపెట్టకుండా పోయిన మనిషిని చెడామడా దులిపేయాలి, పక్కన ఎవరూ ఉండకూడదు.

ఇద్దత్ ముగిశాక పక్కింటి కరీంనగర్ అమ్మాయి, నర్సు అమృత, కంపెనీకి ఫోన్ చేసిపెట్టింది. చాలాసేపు మాట్లాడి మొహం వేలాడేసింది.

"ఆంటీ, పాలసీ లాప్స్ అయిందంట. అంకుల్ అకౌంట్ ఫ్రీజ్ అయినంక పేమెంట్ పోలే. అది చెప్దామని మీకు శానాసార్లు కాల్ చేసిన్రంట."

"చేశారు. మగాడి గొంతమ్మా. ఇద్దత్‌లో ఉండి పరాయి మగాడితో ఏం మాట్లాడేది?"

"అప్పుడే మాట్లాడుంటే అదే కవర్ మీ పేరు మీద నడిచేదంట. ఇప్పుడు కొత్తగా మీ ఒక్కరికే సింగిల్ పాలసీ తీస్కోవాలె. కన్ను పాత ప్రాబ్లం గదా, ట్వెల్వ్ మంత్స్ వెయిటింగ్. లేకుంటే పబ్లిక్ లిస్టుల పేరిద్దాం, మెడికేర్‌ల ఫ్రీనే. ఎప్పుడు పిలుస్తరో చెప్పలేం."

ఎటు చూసినా క్యూయే. ఆయన అన్నట్టే అయిందని ఆబిదాకు ఒళ్ళు మండింది. తను తప్పేం చేసిందో మాత్రం అర్థం కాలేదు. చేయవలసిందే చేసింది కదా. ఏడుపొచ్చింది.

"లిస్టులోనూ రాయించు, ఆ సింగిలూ తియ్యి," అంది ముక్కు తుడుచుకుని. "నన్నిప్పుడు ఆయన దగ్గరికి తీసుకెళ్ళు. నువ్వు మాత్రం కార్లోనే ఉండాలి."

అమృత దారి చూపించి గేటు దగ్గరే ఆగిపోయింది. సమాధులకు ఇంకా రాళ్ళు లేవు, మట్టిదిబ్బల తలాపున చిన్న చిన్న పేరు పలకలు. ఆబిదా, ఖననం నాడు జైద్ చెప్పిన వరుసకు వెళ్ళి, అతను చెప్పినట్టే చివరి దిబ్బ ముందు నిలబడి సలాం చెప్పి, మొదలుపెట్టింది. గోల్డ్ పాలసీ దగ్గర్నుంచి బ్యాంకు దాకా, ఫోన్లు చేసిన మగాళ్ళ దాకా, ఒక్క మాట దాచుకోకుండా తిట్టింది. ఇంట్లో ఒక్కదానికే బియ్యం ఎంత పోయాలో ఇప్పటికీ చేతికి రావడం లేదని కూడా చెప్పింది. నెలల తరబడి మూసుకుపోయిన గొంతు తెరుచుకుని గుండె తేలికైంది.

వెనక అడుగుల చప్పుడయింది.

"ఆంటీ," అంది అమృత మెల్లగా. "ఇది వేరేవాళ్ళది. ఎవరో కొత్తగా... అంకుల్‌ది ఈ పక్కది."

ఆబిదా పక్కకు జరిగి, వంగి, పలక మీద చెయ్యిపెట్టి అక్షరాలు తడిమింది. మళ్ళీ సలాం చెప్పింది. ఈసారి తిట్లు రాలేదు.

"నాకు కనపడట్లేదండీ," అంది.