పదమూడు అడుగుల నేల

నేను ఒక కొలత గొలుసును. నూరు ఇనుప కడ్డీలు, వాటిని కలిపే కడియాలు, రెండు కొసలా ఇత్తడి పిడులు. చాపితే అరవై ఆరు అడుగులు. అంతేనని నేను చెబితే మాత్రం నమ్మకండి.

అమెరికాలో ఆల్డర్ క్రీక్ టౌన్‌షిప్‌ను గీసింది నేనే. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చదరం అది. అందులో ముప్ఫై ఆరు గళ్ళు, పదహారో గడి బడికి. వాగు మాత్రం తన ఇష్టం వచ్చినట్టు వంకర్లు పోయేది. చిత్తడి నేల మీదుగా, చల్లారిన పొయ్యిరాళ్ళ మీదుగా నన్ను తిన్నగా ఈడ్చారు. ఆ పొయ్యిల దగ్గర వండుకున్న ఆదివాసులను ఎంత దూరం తరిమారో నన్నెవరూ కొలవమనలేదు.

సర్వేయరు విట్‌కోంబ్ మంచివాడే, కానీ బద్ధకస్తుడు. కడియాలు అరిగి నేను రెండంగుళాలు సాగినా సరిచూడలేదు. మైలుకు నన్ను ఎనభైసార్లు పరుస్తారు. అలా ఒక హద్దు గుంజ పదమూడు అడుగులు అవతల పడింది.

గుంజకు ఇవతలి పొలం స్వీడన్ నుంచి వచ్చిన హుల్డాది. విట్‌కోంబ్ వెళ్ళిపోతూ నన్ను ఆమెకిచ్చాడు. ఆమె వంటింట్లో పొయ్యి పక్కన వేలాడాను. ఆ ఏడే ఆమె కూతురు ఎలిన్ జ్వరంతో పోయింది. గుంజకు నాలుగడుగుల ఇవతల పూడ్చారు.

ఇరవై ఏళ్ళకు గుంజ పుచ్చి మట్టిలో కలిసింది. అవతలి రైతు ఏమస్ ఉక్కు టేపున్న కొత్త సర్వేయరును తెచ్చి కొలిపించాడు. సమాధి ఏమస్ పొలంలో తేలింది. ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు.

"ఏమ్మా హుల్డా, గుంజకు కాళ్ళొచ్చాయా? నా చేలోకి నడిచొచ్చిందే!" అన్నాడు ఏమస్.

"కాళ్ళే ఉంటే నీ నోటికి జడిసి ఊరే దాటిపోయేది."

"సోమవారం నాగలి పెడతాను. తర్వాత ఏడిస్తే నాకు తెలీదు."

సర్వేయరు చెయ్యెత్తాడు. "లెక్క తప్పైనా సరే, మొదట గుంజ పాతిన చోటే హద్దు. ఆ రోజుల్లో గుంజ కింద గుప్పెడు బొగ్గు వేసేవాళ్ళు. బొగ్గు పుచ్చదు. రేపు తవ్వుదాం. దొరక్కపోతే నా టేపు చెప్పిందే హద్దమ్మా."

వాళ్ళు వెళ్ళాక హుల్డా పొయ్యి ముందు కూర్చుని బూడిద కెలికింది. తర్వాత బొగ్గులు ఏప్రన్‌లో ఏరుకుని బయటికి నడిచింది.

మర్నాడు సర్వేయరు నన్నూ చేలోకి తీసుకొచ్చాడు. సమాధికి నాలుగడుగుల అవతల పార వేయగానే బొగ్గు బయటపడింది.

ఏమస్ మట్టిని నలిపి చూశాడు. "ఇరవై ఏళ్ళ మట్టి ఇంత మెత్తగా ఉంటుందా?"

"చుంచెలుకలు," అంది హుల్డా. "నీ చేలోవే."

సర్వేయరు ఆమె గోళ్ళకేసి చూశాడు. నల్లగా ఉన్నాయి. నన్ను టేపు పక్కన పరిచాడు. రెండంగుళాలు ఎక్కువ. పెదాలు కదుపుతూ ఎనభైతో గుణించుకున్నాడు, పదమూడు అడుగులు తేలాయి. తర్వాత పుస్తకంలో రాశాడు: 'పాత బొగ్గు దొరికింది. హద్దు ఇదే.'

విట్‌కోంబ్ ఆనాడు బొగ్గు వేయలేదు. వంగడానికే బద్ధకం ఆయనకు. గుంజ మాత్రం సరిగ్గా అక్కడే ఉండేది, నా పిడి దాన్ని తాకింది.

ఇప్పుడు హుల్డా కూడా ఆ పదమూడు అడుగుల్లోనే ఉంది, కూతురి పక్కన. నేను టౌన్‌షిప్ హాలులో గాజుపెట్టెలో ఉన్నాను. 'పొల్లుపోకుండా కొలిచిన గొలుసు' అని చీటీ అంటించారు. ఎవరైనా టేపు పట్టుకుని దగ్గరికొస్తే నాకు ఇప్పటికీ ఆ రెండంగుళాలూ దాచుకోవాలనిపిస్తుంది.