సెకండ్ షిఫ్టు పాస్‌వర్డు

గోదావరిఖనిలో తండ్రి రాజం దిగిన గనిలోనే శోభకు కొలువు. ఆమెది బాయి కింద కాదు, పైన కంప్యూటర్ల గదిలో. వచ్చి మూడు నెలలైంది. "తండ్రి కొలువులో వచ్చిన పిల్లకు సర్వర్ సంగతి ఏం తెలుస్తుంది" అని ఆఫీసరు పట్టాభిరామయ్య అనుమానం. అనుమానపడి ఊరుకుంటే బాగుండేది, అందరూ వినేలా అనేవాడు కూడా.

ఆ వారం హాజరు కంప్యూటరు మొండికేసింది. ఫస్ట్ షిఫ్టు గుమాస్తా గట్టయ్యకు పాస్‌వర్డు సాఫీగా మారుతోంది. మూడింటికి డ్యూటీకొచ్చే సెకండ్ షిఫ్టు గుమాస్తా సదయ్యకు మారడం లేదు. కొత్త పాస్‌వర్డు నిబంధనల ప్రకారం లేదంటోంది తెర. పాపం సదయ్య పొడుగు పెంచాడు, అంకెలు కలిపాడు, చివరికి ఇంటి దేవుడి పేరు కూడా చేర్చాడు. కంప్యూటరు కరగలేదు.

"ఇవాళ మూడింటిలోగా తేల్చమ్మాయ్. లేదంటే హెడ్డాఫీసు మనిషిని పిలిపిస్తాను, నువ్వు ఫైళ్ల సెక్షన్‌కి వెళ్లిపోదువుగాని" అన్నాడు పట్టాభిరామయ్య.

శోభ ఇష్టపడి నేర్చుకున్న పని ఇది. సర్వర్‌లో ఖాతా చూసింది, బాగానే ఉంది. మార్చుకునే అనుమతీ ఉంది. ఏమీ తోచక సదయ్యకు ఫోన్ చేసింది.

"కాకా, అసలు పాస్‌వర్డు రోజూ ఎందుకు మారుస్తున్నవ్?"

"గదేం మాట బిడ్డా! మూడు షిఫ్టులకు ఒక్కటే ఖాతా. చార్జి తీసుకున్నోడు తాళం మార్చుకోవాలె గదా. లేకుంటే గట్టయ్య తప్పులు నా నెత్తి మీదికొస్తయి."

శోభకు ఒక్కసారిగా వెలిగింది. ఒకసారి మార్చిన పాస్‌వర్డును ఒక రోజు దాకా మళ్లీ మార్చకూడదని సోమవారం నుంచి అన్ని గనుల్లో కొత్త నియమం. పొద్దున గట్టయ్య మార్చగానే మిగతా ఇద్దరికీ దారి బంద్. తెర ఆ ముక్క చెప్పకుండా సదయ్యను దబాయిస్తోంది. షిఫ్టుల ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి అడగాల్సిన మాట అడిగింది!

"అయితే ఆ నియమం తీసెయ్" అన్నాడు శోభ చెప్పిన సంగతి విని పట్టాభిరామయ్య.

"వద్దు సార్. నియమం మంచిదే. ముగ్గురికి ఒకే ఖాతా ఉండుడే తప్పు. ఎవరిది వాళ్లకు ఇద్దాం."

ఆయన సరేనని తలూపాడు.

మూడుకు ఐదు నిమిషాల ముందు సదయ్య కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద తన పేరు.

"నా ఒక్కనిదేనా?"

"నీ ఒక్కనిదే కాకా. పాస్‌వర్డు పెట్టుకో. ఇగ రోజూ మార్చే ఫికర్ లేదు."

పెట్టాడు. తీసుకుంది. హాజరు మొదలైంది.

పట్టాభిరామయ్య హెడ్డాఫీసుకు ఫోన్ కలిపాడు. "మీ మనిషి రానక్కర్లేదండీ, మా శోభ చూసుకుంది." అవతలి మాట విని ఆయన వెన్ను నిటారైంది. "ఏంటీ, మిగతా గనుల్లోనూ ఇదే గొడవా? పంపిస్తాను. కానీ మా ఇంజనీరమ్మకి కారు మీరే పంపాలి."

ఇంజనీరమ్మ అన్న మాట గదంతా విన్నది. గర్వం దాచుకుందామని శోభ తల వంచుకుంది గానీ, అది దాగలేదు.