తెల్లటివన్నీ పిండినల్లులేనా?

మూడోసారి ట్యాంకు వీపుకెత్తుకునేసరికి తుంపరయ్య భుజాలు మండిపోతున్నాయి. అది అసలు పేరు కాదు. పదేళ్లుగా నిమ్మతోటలో మందు కొడుతున్నాడని తోటివాళ్లు తగిలించిన పేరు. రెండు వరసలు అయ్యాయి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.

"ఆగు మరిదీ!" కలుపు తీస్తున్న వదిన కొడవలి పడేసి అడ్డమొచ్చింది. చేతిలో అన్నం గిన్నె మూత. "ముందు ఇది చూడు."

మూతలో నిమ్మాకు. దానిమీద పిండి అద్దినట్టు తెల్లటి పురుగులు. ఆకు వాడకుండా కింద తడిగుడ్డ పరిచింది. పురుగుల్ని చంపే పనిలో ఉన్నవాడికి ఆ గుడ్డ వింతగా తోచింది.

"పిండినల్లే కదా వదినా. దీనికేగా ఈ మందు."

"పొద్దున ఏడు నల్లుల్ని పెట్టాను. ఈ పెద్దదాన్నీ వాటితోనే పెట్టాను. ఇప్పుడెన్నున్నాయో చూడు."

పెద్దది కాక మూడే మిగిలాయి. పుల్లతో తాకితే పెద్దది గబగబా నడిచింది. ఒంటినిండా నల్లిలాగే తెల్ల కుచ్చులు. తినేది మాత్రం నల్లినే.

"ఇది పెరిగి పెంకుపురుగవుతుంది. కొమ్మమీద చూశాను. నిరుడు దీన్నీ నల్లే అనుకుని చంపుకున్నాం."

నిరుడు ఇదే మందు కొట్టాక నల్లి రెట్టింపై తిరిగొచ్చింది. కాయలు మసిబారి రాలిపోయాయి. నెలన్నర సాగాల్సిన కోత పదకొండు రోజులకే ముగిసింది. ముప్పైమంది ఆడవాళ్లు పనిలేక ఇళ్లకు పోయారు.

మేస్త్రీ విసవిసా వచ్చాడు. "ఏంటీ సంత?" మూత చూపిస్తే దాన్ని వదిలేసి వదిన ముఖంలోకి చూశాడు. "నీకివన్నీ ఎవరు నూరిపోస్తున్నారు?"

"నా కళ్లే."

"తెల్లగా ఉన్నవన్నీ నల్లులే. కొట్టమని యజమాని చెప్పాడు."

"యజమాని చెప్పాడా, మందుల షాపాయన చెప్పాడా?"

కలుపు వరసలోంచి కిసుక్కుమని నవ్వులు. మేస్త్రీ నవ్వలేదు, కాదనీ అనలేదు. తుంపరయ్యకు అక్కడే అనుమానం ముల్లులా గుచ్చుకుంది. నిరుడూ ఒక్క చెట్టన్నా చూడకముందే మందు పెట్టెలు దిగాయి. ఈ మేస్త్రీ ఆకు తిరగేసి చూడగా ఎవరూ ఎరగరు. తెలియక కొట్టిస్తున్నాడా, తెలిసేనా?

ట్యాంకు దించి మేస్త్రీ కాళ్ల ముందు పెట్టాడు.

"నేను కొట్టనండీ. మీరొకసారి ఆకు తిరగేసి చూడండి."

"రేపట్నుంచి పనిలోకి రాకు."

అయినా తుంపరయ్య వంగి ట్యాంకు అందుకోలేదు.

మేస్త్రీ పళ్లు కొరికి, ట్యాంకు తానే వీపుకెత్తుకుని మూడో వరసకు నడిచాడు. కలుపువాళ్లు ఒక్కొక్కరే లేచారు. కొడవళ్లు నేలమీదే వదిలేసి, చెట్టుకొకరు చొప్పున కొమ్మల కింద నిలబడ్డారు.

మేస్త్రీ గొట్టం ఎత్తాడు. ఇంకా మీట నొక్కలేదు.